నిజాంపట్నం బురదలో తెడ్డుమూతి ఉల్లంకి

తెనాలి, గంగానమ్మపేట,
10 జులై 1989.

ప్రియమైన సుగుణకు,

ఈ ఉత్తరం పని మీద రాస్తున్నది. కుశల ప్రశ్నలు చివర్లో ఉంటాయి, చోటు మిగిలితే.

బాపట్లలో జగన్నాథరావు అని ఒక లెక్చరరు ఉన్నాడు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో ఇంతవరకూ ఎవరెవరు ఏ పక్షిని ఎప్పుడు, ఎక్కడ చూశారో అంతా పోగుచేసి పుస్తకం వేస్తున్నాడు. ముప్పై నాలుగేళ్ల నా నోటు పుస్తకాలు తీసుకువెళ్లి చదివి, ఒక్కటి కూడా నలగకుండా తిరిగి తెచ్చిచ్చాడు. అందుచేత అతని మీద నాకు గౌరవం కలిగింది. మామూలు పక్షులకు నా మాట చాలునట. అరుదైన వాటికి మాత్రం ఇద్దరి సాక్ష్యం కావాలట. ఆ నియమం మనకు కొత్త కాదు. నేను గుంటూరు కాలేజీ రెండో ఏడు, నువ్వు మొదటి ఏడు చదువుతున్నప్పుడు హాస్టలు వెనక కాలువ గట్టున పెట్టుకున్నదే: ఒకరు చూసి, బైనాక్యులర్సు రెండోవారికిచ్చి, వెనుదిరిగి కూర్చుని తాను చూసింది రాయాలి. ఆ తరువాత రెండోవారు. రెండు కాగితాలూ పూర్తయ్యేదాకా మాటలుండకూడదు.

అతనికి కావలసింది 1981 జనవరి 11న మనం బురదలో చూసిన అరుదైన పిట్ట, తెడ్డుమూతి ఉల్లంకి, దాని కాగితాలు. నా కాగితం మళ్లీ చదువుకున్నాను. “నిజాంపట్నం దాటి మడ అడవి అంచు. సాయంత్రం నాలుగు. పోటు ఎక్కుతోంది. పిచ్చుకంత పిట్ట. ముక్కు నల్లన. కొసన, తెడ్డుమూతి కొంగకు ఉన్నట్టే, వెడల్పాటి తెడ్డు. సందేహానికి తావు లేదు.” ఎనిమిదేళ్ల తరువాత కూడా ఇందులో ఒక్క మాట మార్చాలని నాకు తోచలేదు.

నీ కాగితం నీ దగ్గరే ఉండిపోయింది. రిజిస్టరు పోస్టులో పంపు. మన తీరంలో ఆ పక్షిని చూసినవారు మనిద్దరమే అంటున్నాడు జగన్నాథరావు.

చోటు మిగల్లేదు. మోకాలు ఎలా ఉంది?

ఇట్లు,
వేదవతి


రేపల్లె,
22 జులై 1989.

ప్రియమైన వేదక్కకు,

ప్రభువు నామమున వందనాలు. మోకాలికి నాకంటే వయసెక్కువైపోయింది. గుడి మెట్ల దగ్గర మా బర్నబాసు పాస్టరుగారు చెయ్యి అందించబోతే, “నేను మీకు అక్షరాలు నేర్పిన పంతులమ్మనండీ, ఎక్కగలను” అన్నాను. నీ దగ్గర పట్టుకున్న జబ్బే ఇది.

కాలవలకు నీళ్లొదిలారు. నత్తగొట్టు కొంగలు మా ఇంటి వెనక పొలంలో దిగాయి. బుధవారం నలభై రెండు, గురువారం అరవై. రాసిపెట్టాను. పక్కింటి సుబ్బరత్నమ్మ గోడ మీంచి చూసి, “ఏంటండీ హెడ్మాస్టరమ్మ గారూ, కొంగలకి హాజరు వేస్తున్నారా?” అంది. “వేస్తున్నా. నిన్న నువ్వు రాలేదని కూడా రాశా” అన్నాను.

కాగితం సంగతి. బీరువా సర్దాలి, రెండు ట్రంకుపెట్టెలు దించాలి. మొన్న వానలకు చెదలు కూడా పట్టాయి. వెతుకుతాను. అయినా అక్కా, నీ పుస్తకాల నిండా అన్ని వందల పక్షులున్నాయి గదా. ఆ ఒక్క పిట్ట లేకపోతే అతగాడి పుస్తకం ఆగుతుందా?

నీ
సుగుణ


తెనాలి,
2 ఆగస్టు 1989.

సుగుణకు,

ఆగదు. పుస్తకం ఆగదు. అయితే నీ ప్రశ్న నాకు నచ్చలేదు, ఎందుకు నచ్చలేదో చెబుతాను.

నేను రిటైరైననాటి సభ నీకు గుర్తుండాలి, ముందు వరుసలో కూర్చున్నావు. దండ వేసిన పెద్దమనిషి నా పాఠాల గురించి ఒక్క ముక్క చెప్పలేదు. “ఇక మేడమ్‌గారు హాయిగా పిట్టలు లెక్కపెట్టుకోవచ్చు” అన్నాడు. అందరూ నవ్వారు. ఆ సాయంత్రమే అమృతలూరు నుంచి మా తమ్ముడు గౌరీశంకరం కారు మాట్లాడుకుని వచ్చాడు, నా సామాను ఎత్తించుకుపోదామని. నేను రానన్నాను. “పెళ్లి వద్దన్నావు, సరే. ఈ పిట్టల వెంట తిరిగి ఏం సాధించావక్కయ్యా? ఒక్కటి చెప్పు, వెళ్లిపోతాను” అన్నాడు. ఆ రోజు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. ఏడు నెలల తరువాత నిజాంపట్నంలో దొరికింది. పక్షుల పత్రికలో నాలుగు పంక్తులు పడ్డాయి, నా పేరుతో, నీ పేరుతో. వాడికి పంపాను. పొన్నూరు నుంచి ధాన్యానికి వచ్చిన మిల్లువాళ్లకల్లా చూపించాడట. ఆ తరువాత వాడు మళ్లీ కారు తీసుకురాలేదు.

ఆ నాలుగు పంక్తుల మీద నేను ఈ రెండు గదుల్లో తల ఎత్తుకుని ఉంటున్నాను. ఇప్పుడర్థమైందా?

నిన్న జగన్నాథరావు వచ్చాడు. మర్యాదస్థుడే గాని మొహమాటం మనిషి. కాఫీ సగం తాగి, “రెండో కాగితం దొరక్కపోతే ఆ ఒక్కటీ వదిలేద్దామండి, మిగతావి బోలెడున్నాయండి” అన్నాడు.

“ఒకటి వదిలేస్తే, మిగతావి మాత్రం నమ్మడం ఎందుకయ్యా?” అని అడిగాను. కప్పు కింద పెట్టేశాడు.

సెప్టెంబరు ఆఖరుకు ప్రెస్సుకిస్తాడట. చెదలు తినగా మిగిలిన ముక్క అయినా సరే, పంపు.

వేదవతి


రేపల్లె,
19 ఆగస్టు 1989.

ప్రియమైన అక్కకు,

కాగితం దొరికింది. ఇందులో పెట్టాను. చెదలు ముట్టుకోలేదు.

చదివాక, ఏమనాలనిపిస్తే అది నాకే అను. ఎవరికీ పంపే ముందు నాకు ఒక్క ఉత్తరం రాయి.

సుగుణ


తెనాలి,
25 ఆగస్టు 1989.

సుగుణకు,

ముప్పై రెండేళ్లు పరీక్ష పేపర్లు దిద్దిన మనిషికి ఇలాంటి కాగితం పంపడానికి నీకు చాలా ధైర్యం ఉండాలి, లేదా ధైర్యం బొత్తిగా ఉండకూడదు.

నీ కాగితం మీద తేదీ జనవరి 12. అంటే సోమవారం. ఆదివారం కలం పట్టకూడదన్నది మీ నాన్నగారి ఇంటి నియమమని నాకు తెలుసు. ఆ రోజు నువ్వు చూసి ఊరుకుని, రాయడం మర్నాటికి వాయిదా వేశావు. దానికి నేను ఒప్పుకున్నాను. కానీ ఆ సోమవారం నువ్వు రాసింది నువ్వు చూసినది కాదు, మీ ఇంట్లో నేను వదిలివచ్చిన నా చిత్తుప్రతి. “తెడ్డుమూతి కొంగకు ఉన్నట్టే” అన్నది నా మాట. “సందేహానికి తావు లేదు” అన్నది నీ నోట నలభై ఏళ్లలో ఎన్నడూ వినలేదు. అంతటితో అయితే, కలిసి తిరిగిన మనుషులం గనుక మాటలు కలిశాయని సర్దిచెప్పుకునేదాన్ని. “పోటు ఎక్కుతోంది” అని కూడా రాశావు.

నిన్న పాత పంచాంగం తీయించి తిథి చూసి, నిజాంపట్నం వైపు నుంచి ఇక్కడికి చేపలు తెచ్చే బసవమ్మను కూర్చోబెట్టి అడిగాను. ఆమె వేళ్ల మీద లెక్కపెట్టి, “ఆ తిథికి సాయంత్రం నాలుగింటికి పోటేంటమ్మా, నీళ్లు తీసేస్తా ఉంటాయి, ఆటు” అంది. నేను తెనాలిదాన్ని, నీళ్లు ఎటు పోతున్నాయో పొరపాటు పడ్డాను. నువ్వు ఆ ఉప్పు కాలువల పక్కన పుట్టి పెరిగావు. ఆటుకూ పోటుకూ తేడా నీకు నిద్రలో లేపి అడిగినా తెలుస్తుంది. నా తప్పును కూడా నువ్వు ఎక్కించుకున్నావు.

ఆ రోజు నువ్వు ఏం చూశావు?

వేదవతి


రేపల్లె,
6 సెప్టెంబరు 1989.

ప్రియమైన వేదక్కకు,

పది రోజుల్లో నాలుగు ఉత్తరాలు రాసి చింపాను. ఇది చింపను.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఒంటిగంట బస్సుకు పోయాం. నువ్వు ముందు చూశావు. చూసి, బైనాక్యులర్సు నాకిచ్చి, వెనుదిరిగి, మడ చెట్టు వేరు మీద కూర్చుని రాయడం మొదలుపెట్టావు. నేను చూశాను. నువ్వు రాసినట్టే ఉంది, తెడ్డు కొస ముక్కు. నేనూ నమ్మాను అక్కా, అబద్ధం కాదు.

నీళ్లు తీస్తున్నాయి. అప్పుడే తేలిన బురద ఎలా ఉంటుందో నీకు తెలుసు, జిగురులా పడుతుంది. ఆ పిట్ట నాలుగడుగులు వేసి, చిన్న నీటి గుంటలో రెండుసార్లు ముక్కు ముంచింది, విదిలించింది. ముక్కు పైకెత్తేసరికి తెడ్డు లేదు. సూదిలా సన్నని ముక్కు. మనం ప్రతి చలికాలం వందల్లో లెక్కపెట్టే చిన్న ఉల్లంకి. బురద ముద్ద అంటుకుని ఉందంతే.

నేను పిలవబోయాను. “అక్కా” అని నోటిదాకా వచ్చింది. మాట్లాడకూడదన్న నియమం ఒకటి. అది నెపమేలే. నీ వైపు తిరిగితే నీ భుజాలు కదులుతున్నాయి. నువ్వు ఏడుస్తున్నావు. మీ అమ్మగారు పోయిననాడు కూడా నా ఎదట ఏడవని దానివి. రాస్తూ, కళ్లద్దాలు తుడుచుకుంటూ, మళ్లీ రాస్తూ. ఆ సభలో నవ్వినవాళ్లందరూ నాకు కనిపించారు. తరువాత నువ్వు లేచి, “సుగుణా, కనిపించిందా?” అన్నావు. “కనిపించింది అక్కా” అన్నాను.

ఆ రాత్రి మా ఇంట్లో పడుకుని, సోమవారం పొద్దున్నే బండికని నువ్వు బయలుదేరాక, మా బల్ల మీద నీ చిత్తుప్రతి ఉంది. బడికి పోయేముందు కూర్చుని ఎక్కించాను. ఆటు అని రాస్తే నువ్వు కనిపెడతావని, కనిపెడితే బురద సంగతి బయటపడుతుందని, పోటు అనే రాశాను. నాకు తెలిసి రాసిన తప్పు అదొక్కటే. రెండో తరగతి పిల్లలు పక్క పలక చూసి రాస్తే బెంచీ ఎక్కించే హెడ్మిస్ట్రెసు చేసిన పని.

నిన్ను మోసం చేద్దామని కాదు. నీకు ఏదో ఒకటి మిగలాలనుకున్నాను.

ఒక్కటి మాత్రం నాకు అర్థం కాలేదు. రాసిన వెంటనే కాగితాలు మార్చుకోవడం మన నియమం. ఎనిమిదేళ్లలో నువ్వు నా కాగితం ఒక్కసారి అడగలేదు. అడిగి ఉంటే అప్పుడే చెప్పేసేదాన్నేమో.

నీ సుగుణ


తెనాలి,
11 సెప్టెంబరు 1989.

శ్రీమతి సుగుణమ్మ గారికి,

మీ ఉత్తరం అందినది.

నాకు ఏం మిగలాలో నిర్ణయించే అధికారం మా తమ్ముడికే ఇవ్వలేదు. మీకు ఎప్పుడు ఇచ్చానో గుర్తు రావడం లేదు.

ఇట్లు,
ఎస్. వేదవతి, ఎం.ఏ.


రేపల్లె,
13 నవంబరు 1989.

వేదక్కకు,

‘గారు’ అన్నావు, సరే. కింద డిగ్రీ కూడా వేశావు. నీకు కోపమొస్తే ఎం.ఏ. గుర్తొస్తుందని హాస్టల్లో అందరికీ తెలుసు, అప్పటికి ఇంకా బి.ఏ. కూడా కాకపోయినా. నేను మాత్రం అక్కా అనే రాస్తాను. జవాబు రాయకపోతే రాయకు.

నిన్న జగన్నాథరావు రేపల్లె వచ్చాడు. వానల వల్ల ప్రెస్సు పని వెనకపడిందట, డిసెంబరు మొదటి వారం దాకా గడువు ఉందన్నాడు. నీకు మూడు కార్డులు రాశాడట, ఒక్కదానికీ జవాబు లేదట. భోజనం పెట్టాను. గోంగూర రెండోసారి వేయించుకుని, నీళ్లు నముల్తూ అడిగాడు.

“అమ్మా, ఆ పిట్టను మీరు చూశారాండీ, లేదాండీ?”

“చూశాను నాయనా.”

“మరి కాగితం?”

“ఉంది. అక్క దగ్గర ఉంది.”

“అందులో ఏం రాశారండీ?”

“అది ఆవిడ్నే అడగండి. నేను ఏం చూశానో ఇప్పుడు ఆవిడకి తెలుసు.”

అతను మజ్జిగ తాగుతూ నా ముఖం చూశాడు. తెలివైనవాడే. గ్లాసు దించి చెయ్యి కడుక్కున్నాడు.

నేను చెప్పను అక్కా. ఒకసారి నీ బదులు నేను నోరు మూసుకున్నాను, తప్పయింది. ఇప్పుడు నీ బదులు నోరు తెరిస్తే అదీ అంత తప్పే. ఆ పేజీ ఉంచుతావో, చింపుతావో, నీ చేతిలోనే ఉంది. ఉంచినా నేను ఎదురు చెప్పను. ఉంచితే నా పేరు మాత్రం తీసెయ్యి.

సుగుణ


బాపట్ల,
4 డిసెంబరు 1989.

ప్రియమైన సుగుణకు,

ఉదయం పాసింజరులో వచ్చాను. స్టేషను ఎదుట లాడ్జీలో గది తీసుకున్నాను. “ఒక్కరేనాండీ? వెంట ఎవరూ లేరాండీ?” అని గుమాస్తా మూడుసార్లు అడిగాడు. ఉన్నారు, సంతకం చేసే చెయ్యి ఉంది అన్నాను.

ముందు నీ ప్రశ్నకు సమాధానం. నీ కాగితం ఎందుకు అడగలేదు అన్నావు. ఆ వాక్యం మూడు నెలలుగా నా బల్ల మీదే ఉంది. మిగతా ఉత్తరం మీద కోపం తెచ్చుకోవడం తేలిక, ఆ ఒక్క వాక్యం మీద కాదు.

ఆ సోమవారం పొద్దున నేను తెనాలి బండి ఎక్కలేదు. నీతో చెప్పకుండా మళ్లీ నిజాంపట్నం బస్సు ఎక్కాను. ఇంకొక్కసారి చూడాలనిపించింది, ఒంటరిగా, నీకు బైనాక్యులర్సు ఇవ్వవలసిన అవసరం లేకుండా. అదే చోట పన్నెండు ఉల్లంకులు మేస్తున్నాయి. అందులో మూడింటి ముక్కులకు తెడ్లున్నాయి. మూడు! ప్రపంచంలోనే అరుదైన పక్షి ఒకే గుంటలో మూడు. నేను నవ్వాను కూడా, సుగుణా, సంతోషంతో. ఆ తరువాత వాటిలో ఒకటి నీళ్లలో ముక్కు కడుక్కుంది. రెండోది కడుక్కుంది. మూడోది కడుక్కునేదాకా నేను ఆగలేదు. బైనాక్యులర్సు సంచిలో పెట్టి వచ్చేశాను.

నా నోటు పుస్తకాలలో 1981 జనవరి 12 తేదీ లేదు. ముప్పై నాలుగేళ్లలో ఏ పక్షినైనా చూసి రాయని రోజు అదొక్కటే. జగన్నాథరావు అన్ని పేజీలూ తిప్పాడు గాని, లేని పేజీని ఎవరు గమనిస్తారు?

తెనాలి చేరగానే పత్రికకు పంపాను. ఆలస్యం చేస్తే పంపలేనని తెలుసు. అచ్చులో చూసుకున్నాక, నా కంటికంటే అక్షరానికే ఎక్కువ విలువ ఇచ్చాను. ఏడాది గడిచేసరికి ఆ సోమవారం జరగనే లేదనిపించింది. నీ కాగితం అడిగితే, అందులో నిజం ఉంటుందేమోనని భయపడ్డాను. నువ్వు ఏమీ చూడలేదనే నమ్మకంతో కాదు, నువ్వు చూసే ఉంటావనే భయంతో అడగలేదు. మరి ఇప్పుడెందుకు అడిగానంటావా? ఎనిమిదేళ్లలో ఆ భయం ఎందుకు పుట్టిందో కూడా మరిచిపోయాను. నీ కాగితం చూడగానే గుర్తొచ్చింది. కోపం నీ మీద కాదని చెప్పను. నీ మీద కూడా వచ్చింది. నా మీద రావలసిన దానికి నువ్వు దగ్గరలో దొరికావు.

జగన్నాథరావు ఇంటికి పదకొండింటికి వెళ్లాను. నా కాగితం, నీ కాగితం, ఆ సోమవారం సంగతి రాసిన మూడో కాగితం అతని బల్ల మీద పెట్టాను. మూడూ చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“అమ్మా, ఇదంతా ఎవరూ అడగలేదు కదండీ. పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టి ఉంచేస్తానండి.”

“ప్రశ్నార్థకం ఎందుకు నాయనా? నాకు సమాధానం తెలుసు.”

“పోనీ, మాట్లాడకుండా తీసేస్తానండి. మీ పేరు ఎక్కడా రాదు.”

“ఎందుకు రాకూడదు? తోసిపుచ్చిన వాటికి చివర ఒక పేజీ ఉండాలి. రాసుకో.”

అతను కలం తీశాడు. నేను చెప్పాను, అతను రాశాడు: “తెడ్డుమూతి ఉల్లంకి. నిజాంపట్నం, 11-1-1981. పొరపాటు. చిన్న ఉల్లంకి, ముక్కుకు ఆటు బురద. ఈ పొరపాటు మర్నాడే పరిశీలకురాలికి తెలిసినా దాచినది. ఉపసంహరించుకున్నవారు: వేదవతి.” నీ పేరు వేయలేదు. నువ్వు అడిగావని కాదు. నువ్వు పొరపాటు పడలేదు గనుక. నువ్వు చేసింది వేరే తప్పు, దానికి పక్షుల పుస్తకంలో పేజీ లేదు.

“అమ్మా, మిగతా రికార్డులు?” అన్నాడు.

“అన్నీ నీవే. ఇది చదివాక ఎన్ని నమ్మాలనిపిస్తే అన్ని వేసుకో” అన్నాను. అతను అప్పటికప్పుడు జాబితా తీసి, నా ఎదుటే ఒక్కొక్క దానికీ టిక్కు పెట్టడం మొదలుపెట్టాడు. భోజనాల వేళదాకా పెట్టాడు. ఒక్కటి కూడా కొట్టేయలేదు. నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను.

తమ్ముడికి బయలుదేరేముందే చెప్పాను. నేనే అమృతలూరు వెళ్లి, వాడి వరండాలో, వాడి మిల్లు మిత్రుల ఎదుట.

“అయితే అక్కయ్యా, ఎనిమిదేళ్లు నేను ఊరందరికీ చెప్పిందేంటి?” అన్నాడు.

“బురద” అన్నాను.

దగ్గు వచ్చేదాకా నవ్వాడు. ఆ తరువాత, కారు తీసుకురానా అని మాత్రం అడగలేదు. బస్టాండుదాకా నా సంచి మోశాడు. అది నేను మోయగలిగిన సంచే, అయినా మోయనిచ్చాను.

రేపు తెనాలి వెళ్లిపోతాను. నన్ను క్షమించమని అడగను, అలవాటు లేదు. నువ్వూ అడగకు. కానీ నువ్వు నన్ను తిట్టవలసినది చాలా ఉంది, ఎనిమిదేళ్లది. తిట్టు. కార్డు మీద మాత్రం రాయకు, మా పోస్టుమాను చెంచురామయ్య ప్రతి అక్షరం చదువుతాడు. కవరులో పెట్టు, తూకం ఎక్కువైనా సరే.

నీ
వేదక్క